కారు మెదడుకు జబ్బు చేస్తే...

"కంప్యూటర్ పోయింది. కొత్తది వేయాల్సిందే."

షెడ్డులో ఈ మాట వినగానే కారు యజమాని గుండెలో రాయి పడుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తిన తరువాత, సింగ్‌నగర్‌లో ఉండే మా రూమ్మేటు బాబాయి ఈ మాట విన్నారు. ఆయనది అప్పుచేసి కొని, అద్దెకు తిప్పుకొనే కారు. సీట్ల పైదాకా నీళ్లలో నానింది. షెడ్డులో ఇంజను లోపలి నీళ్లు తీసి, ఆయిలు మార్చారు. స్టార్టరు తిరుగుతోంది గానీ ఇంజను అందుకోవడం లేదు. కొత్త కంప్యూటరుకు చెప్పిన ధర ఆయన నాలుగు నెలల వాయిదాల కంటే ఎక్కువ.

"బాబూ, మీరు చదివేది ఈ కరెంటు చదువే కదా, ఒకసారి చూడకూడదా?" అన్నారాయన. మేమిద్దరం ఒక మల్టీమీటరు, అరువు తెచ్చుకున్న స్కానరు పట్టుకుని వెళ్లాం. అక్కడ మేము నేర్చుకున్నదే ఈ వ్యాసం.

ఈ పెట్టె ఏం చేస్తుంది?

దీని పేరు ఇంజను కంట్రోల్ యూనిట్. క్లుప్తంగా ఇ.సి.యు. అంటారు. కార్బొరేటరు ఉన్న పాత కార్లలో గాలి, పెట్రోలు పాళ్లను జెట్లూ స్క్రూలూ నిర్ణయించేవి. ఇప్పుడు ఆ పని ఈ పెట్టెది. మన శరీరంతో పోలిస్తే సెన్సర్లు కళ్లూ చెవులూ, వైర్లు నరాలు, ఇంజెక్టర్లు, ఇగ్నిషన్ కాయిళ్లు చేతులు, ఈ పెట్టె మెదడు. పిస్టన్లు ఎక్కడున్నాయో క్రాంక్ సెన్సరు చెబుతుంది. పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో ఆక్సిజన్ సెన్సరు చెబుతుంది. ఇవన్నీ లెక్కవేసి ఏ సిలిండరుకు ఎన్ని మిల్లీసెకన్లు పెట్రోలు చల్లాలో, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టించాలో ఇ.సి.యు. ఆజ్ఞ ఇస్తుంది. బ్యాటరీ నుండి 12 వోల్టులు తీసుకుని, 5 వోల్టులకు తగ్గించి చాలా సెన్సర్లకు సరఫరా చేసేది కూడా ఇదే.

ఎందుకు చెడిపోతుంది?

మొదటి శత్రువు నీరు. రాగి గీతలను, చిప్పుల కాళ్లను పచ్చటి చిలుము తినేస్తుంది. బ్యాటరీని తిరగేసి కలిపినా, బ్యాటరీ తీయకుండా కారు బాడీకి వెల్డింగు చేసినా ప్రమాదమే. ఏ కాయిలో షార్టయితే దాన్ని నడిపే ట్రాన్సిస్టరు కాలిపోతుంది. ఏళ్ల తరబడి వేడికీ కుదుపులకూ టంకం అతుకులు చిట్లుతాయి, కెపాసిటర్లు కారతాయి.

అయితే ఒక ముఖ్య విషయం. కంప్యూటరు చెడినట్లు కనిపించే లక్షణాల్లో చాలా, దానికి కరెంటు అందకపోయినా కనిపిస్తాయి. అందుకే పెట్టెను అనుమానించే ముందు దానికి అందే తిండిని పరీక్షించాలి.

పరీక్ష ఎలా?

తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ దీపం వెలగాలి. బాబాయి కారులో వెలగలేదు. స్కానరు తగిలిస్తే ఇ.సి.యు. పలకలేదు. అంటే పెట్టె చచ్చిపోయైనా ఉండాలి, దానికి కరెంటు అందకపోయైనా ఉండాలి.

స్కానరు తగిలించే సాకెట్టుకు 16 పిన్నులుంటాయి. 16వ పిన్నులో బ్యాటరీ వోల్టేజి రావాలి. 4, 5 పిన్నులు ఎర్తు. ఈ మూడూ సరిగానే ఉన్నాయి. క్యాన్ వైర్లున్న కార్లలో బ్యాటరీ తీసేసి 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే సుమారు 60 ఓములు రావాలి. రెండు చివర్లలో ఉన్న రెండు 120 ఓముల రెసిస్టర్లు సమాంతరంగా ఉంటాయి కాబట్టి ఆ లెక్క. అదీ సరిపోయింది. సాకెట్టు, వైర్లు బాగున్నట్టే.

తరువాత ఇ.సి.యు.కు కరెంటు ఇచ్చే మెయిన్ రిలే చూశాం. దాని నుంచి వచ్చే వైరులో మీటరు 12 వోల్టులే చూపించింది. అక్కడే మోసపోబోయాం. అదే వైరుకు 21 వాట్ల ఇండికేటరు బల్బు తగిలిస్తే మినుకుమని ఆరిపోయింది. ఖాళీగా ఉన్నప్పుడు వోల్టేజి ఉంది, బరువు పడగానే లేదు! రిలే పీకి చూస్తే కాళ్లు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. కొన్ని వందల రూపాయలకు దొరికే రిలే మార్చగానే దీపం వెలిగింది, స్కానరు పలికింది, ఇంజను అందుకుంది.

కానీ కుంటుతోంది. స్కానరులో పి0203 అనే కోడు వచ్చింది. అంటే మూడో ఇంజెక్టరు సర్క్యూట్లో లోపం. కోడు చూసి ఇంజెక్టరు కొనేయకూడదు. ఇంజెక్టరు కొలిస్తే మిగతావాటిలాగే 13 ఓములు ఉంది. రెండో ఇంజెక్టరుతో మార్చి పెట్టినా లోపం మూడోదానిలోనే నిలిచింది. వైరు ఎక్కడా తెగలేదు. ఇక మిగిలింది పెట్టె ఒక్కటే.

పెట్టె విప్పితే

బ్యాటరీ నెగటివ్ తీసి, ఇ.సి.యు. విప్పి, సెల్‌ఫోన్లు బాగుచేసే ఒక అన్న దగ్గరకు తీసుకెళ్లాం. ఆయన దగ్గర మైక్రోస్కోపు, సన్నటి టంకం కడ్డీ ఉన్నాయి. మూత తీస్తే ఒక మూల పచ్చగా ఉంది. ముందుగా మెమరీ చిప్పులోని సమాచారం కాపీ తీసుకున్నాం. తాళంచెవిని గుర్తుపట్టే రహస్య సంకేతం చాలా కార్లలో అక్కడే ఉంటుంది. అది పోతే పెట్టె బాగైనా కారు స్టార్టు కాదు. వేరే కారు పెట్టె తెచ్చి పెడితే పనిచేయకపోవడానికి కూడా తరచుగా ఇదే కారణం.

ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, మెత్తటి బ్రష్‌తో చిలుము కడిగాక అసలు గాయం బయటపడింది. ఇంజెక్టరు చిప్పు నుండి పిన్నుకు వెళ్లే రాగి గీత ఒకచోట తెగిపోయింది. వెంట్రుకలాంటి తీగతో దాన్ని కలిపి, పైన రక్షణ పూత పూశారు. బాగా ఆరనిచ్చి బిగిస్తే ఇంజను నాలుగు కాళ్ల మీదా నడిచింది.

చిలుము మళ్లీ పట్టవచ్చని, పూచీ ఇవ్వలేమని బాబాయికి ఉన్నమాట చెప్పాం. ప్రాసెసరే కాలిపోతేనో, లోపలంతా జెల్ నింపి ఉంటేనో ఇలా కుదరకపోవచ్చు. అప్పుడు కొత్తది తప్పదు.

గుర్తుంచుకోండి

• నీట మునిగిన కారును స్టార్టు చేయకండి. నీరు గాలిలా కుదించుకుపోదు. సిలిండరులో నీరుంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.
• పసుపుపచ్చ కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగువి. వాటి జోలికి వెళ్లకండి.
• కాలిన భాగాన్ని మార్చే ముందు ఎందుకు కాలిందో తెలుసుకోండి. లేకపోతే కొత్తదీ కాలుతుంది.

ఆ షెడ్డు మెకానిక్‌ది దురాశ అని మేము అనుకోవడం లేదు. ఇంజను విప్పడంలో ఆయన మాకంటే ఎన్నో రెట్లు మేటి. పెట్టెకు కరెంటు అందుతోందా లేదా అని కొలిచి చూడడం ఆయనకు ఎవరూ నేర్పలేదు, అంతే. రిలే ఎలా పట్టుకున్నామో బల్బు పెట్టి చూపిస్తే, ఆ బల్బు తన దగ్గరే ఉంచుకుంటానని అడిగి తీసుకున్నారు.

తమ్ముళ్లూ! సమాంతర రెసిస్టర్లు, ఓమ్ నియమం మనమందరం పదో తరగతిలో మార్కుల కోసం బట్టీ పట్టినవే. ఆ రోజు సింగ్‌నగర్‌లో ఒక కుటుంబానికి కొన్ని నెలల వాయిదాలు మిగిల్చినవీ అవే. అందుకే ఈసారి ఆ పాఠం చదివేటప్పుడు చేతిలో ఒక మీటరు కూడా పట్టుకోండి.