గతం మరిచిపోయిన వుల్వరిన్

హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసే అక్కలు, అన్నలు మన హాస్టల్‌కి పాత పుస్తకాల డబ్బా ఇచ్చారు కదా. అందులో నాకు ఒక ఇంగ్లీషు బొమ్మల పుస్తకం దొరికింది. అట్ట లేదు. ముందు పేజీలు చిరిగిపోయినయి. చేతుల్లోంచి కత్తుల్లాంటి గోళ్ళు వచ్చే మనిషి కథ. పేజీ తిప్పితే నరుకుడే. వార్డెన్ మేడమ్ చూసి "ఇదేం చదువమ్మా" అని బీరువాలో పెట్టేశారు. అతను ఎందుకట్లా నరుకుతాడో నాకు అర్థం కాలేదు. కంప్యూటర్ సారుని అడిగి, డిక్షనరీ పట్టుకుని చదివి ఇది రాస్తున్నాను.

అతని పేరు వుల్వరిన్. అమెరికాలోని మార్వెల్ కంపెనీ పుస్తకాల్లో 1974లో మొదటిసారి వచ్చాడు, అది కూడా హల్క్‌తో కొట్లాడటానికి. 2024లో వచ్చిన 'డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్' సినిమా తెలుగులో కూడా ఆడింది. కూకట్‌పల్లి రోడ్డు మీద పసుపు డ్రెస్సు పోస్టరు చూశాం కదా, అతనే. అది పెద్దవాళ్ళ సినిమా, మనం చూడలేదు.

వుల్వరిన్ అంటే నిజంగా ఒక జంతువు. కెనడా లాంటి మంచు దేశాల్లో ఉంటుంది. మన వాగుల్లో ఉండే నీటికుక్కకు చుట్టం. చిన్నదే గానీ తోడేళ్ళ దగ్గర కూడా మాంసం కోసం తగువు పెట్టుకుంటుంది. ఈ మనిషి కూడా పొట్టివాడే. దెబ్బ తగిలితే గాయం వెంటనే మానిపోతుంది. ఇట్లాంటివాళ్ళను యాంటీహీరో అంటారు. మంచివాళ్ళ పక్కనే నిలబడతాడు, కానీ కోపం వస్తే తను ఏం చేస్తున్నాడో తనకే తెలీదు.

అసలు బాధ ఏంటంటే తను ఎవరో అతనికి గుర్తులేదు. నాకు దొరికిన పుస్తకం 'వెపన్ ఎక్స్'. 1991లో బారీ విండ్సర్ స్మిత్ అనే ఆయన రాసి, బొమ్మలు కూడా ఆయనే వేశాడు. అందులో కొందరు ఇతన్ని ఎత్తుకుపోయి, తొట్టిలో పడుకోబెట్టి, ఒళ్ళంతా సూదులూ వైర్లూ గుచ్చుతారు. ఎముకలకు అడమాంటియం అనే లోహం పట్టిస్తారు. అది విరగదంట. (ఆవర్తన పట్టికలో వెతికిన, లేదు. కథలో లోహమే.) తర్వాత మిషన్‌తో అతన్ని నడిపిస్తూ తోడేళ్ళ మీదికి వదులుతారు. వాళ్ళకు అతను మనిషి కాదు, ఆయుధం. అక్కడ నాకు ఏడుపొచ్చింది. తర్వాతి పుస్తకాల్లో ఇంకా ఘోరం, జరగనివి జరిగినట్టు అతని తలలో పెట్టారంట. ఇక గుర్తున్నది కూడా నమ్మడానికి లేదు.

అతని చిన్నతనం ఏంటో చదివేవాళ్ళకు కూడా 27 ఏళ్ళు తెలీదు. 2001లో 'ఆరిజిన్' అనే కథలో చెప్పారు. అసలు పేరు జేమ్స్ హౌలెట్. కెనడాలో పెద్దింటి పిల్లాడు, ఎప్పుడూ జబ్బే. వాళ్ళ తోటలో పనిచేసే లోగన్ అనేవాడు నాన్నను కళ్ళముందే కాల్చేశాడు. అప్పుడే మొదటిసారి గోళ్ళు బయటికొచ్చి ఆ లోగన్‌ని చంపేశాడు. ఒంటి గాయం మాన్పినట్టే మనసు గాయం కూడా మాన్పాలని అతని శక్తి ఆ రోజునే చెరిపేసింది. తోడుగా వచ్చిన రోజ్ అనే అమ్మాయి అతన్ని దాచడానికి పేరు మార్చి లోగన్ అని చెప్పింది. నాన్నను చంపినవాడి పేరు! దాన్నే తన పేరనుకుని బతికాడు.

మన పేర్లు కూడా ఇంట్లో ఒకటి, రిజిస్టరులో ఒకటి. మన క్లాసులో ఇంతమంది జూన్‌లోనే ఎందుకు పుట్టామో మీకు తెలుసు, బడిలో చేర్చుకునేటప్పుడు రాసిందే పుట్టినరోజు. మా అమ్మనడిగితే "ఇప్పపూలు రాలేటప్పుడు పుట్టినవు" అంటది. నాకు అడగడానికి అమ్మ ఉంది. అతనికి ఎవరూ లేరు.

2005 కథలో అన్నీ గుర్తుకొచ్చినయి. సంతోషపడ్డాడా అంటే లేదు, అన్యాయం చేసినవాళ్ళను వెతుక్కుంటూ పోయి మళ్ళీ నరుకుడే. అది నాకు నచ్చలేదు. తనను ఆయుధంగా చేసినవాళ్ళ పాపం వాళ్ళదే, కానీ అన్నీ తెలిశాక చంపింది ఇతనే కదా.

కానీ 2011లో ఒక గొడవ వస్తుంది. సైక్లాప్స్ అనే తన వాళ్ళ నాయకుడు పిల్లలను కూడా యుద్ధంలో దింపుతాడు. పిల్లలను చంపేవాళ్ళుగా చేయొద్దని వుల్వరిన్ విడిపోయి, బడి పెట్టి, హెడ్మాస్టరు అవుతాడు. అవును మేడమ్, ఆ నరికే మనిషే!

పుస్తకం ఇంకా బీరువాలోనే ఉంది. డబ్బా అడుగున ఆ ముందు పేజీలు ఎవరికన్నా దొరికితే మేడమ్‌కే ఇవ్వండి.