రాయిస్ కారు, బెంట్లీ కారు

ఇంగ్లండులో 1930 ప్రాంతాన ధనికులను రెండు కార్లు ఊరించాయి. ఒకటి 1929లో వెలువడిన రోల్స్ రాయిస్ వారి రెండవ ఫాంటమ్. మరొకటి ఆ మరుసటి ఏడు వచ్చిన 8 లీటర్ల బెంట్లీ. మొదటిదానికి హెన్రీ రాయిస్, రెండవదానికి వాల్టర్ ఓవెన్ బెంట్లీ కర్తలు. చిత్రమేమంటే, ఇద్దరూ గ్రేట్ నార్తర్న్ రైల్వే కర్మాగారాలలో పని నేర్చినవారే. బెంట్లీ కలవారి బిడ్డ. డాంకాస్టరులో నిశ్చింతగా శిక్షణ పొందాడు. రాయిస్ తొమ్మిదేళ్లకే తండ్రిని పోగొట్టుకొని, వీధులలో పత్రికలమ్మి, ఇంటింటికీ తంతివార్తలు మోసి, ఆపైన పీటర్‌బరోలో చేరాడు. బంధువురాలు కట్టే సొమ్ము ఆగిపోగా ఆ శిక్షణ కూడ నడుమనే ముగిసింది.

రెండు యంత్రాలకూ ఆరేసి సిలిండర్లు. ఫాంటమ్ యంత్రం పరిమాణం 7,668 ఘన సెంటీమీటర్లు, బెంట్లీది 7,983. అంకెలలో అంతరం స్వల్పమే కాని స్వభావాలు వేరు. రాయిస్ ఆరాధించినది నిశ్శబ్దాన్ని. తమ యంత్రం అశ్వశక్తి ఎంతో చెప్పుకొనే అలవాటు కూడ ఆనాడు ఆ సంస్థకు ఉండేది కాదు! బెంట్లీ పందెపు బరిలో పేరు తెచ్చుకొన్నవాడు. ఫ్రాన్సులోని లె మాన్‌లో 24 గంటలు సాగే పందెంలో అతని కార్లు 1924లోను, తిరిగి 1927 నుంచి 1930 వరకు ఏటేటా గెలిచాయి.

అట్టివాడు ఈసారి వేగంతోపాటు నిశ్శబ్దాన్నీ సాధింపబూనాడు. సిలిండరుకు నాలుగు కవాటాలు పెట్టాడు. వాటిని తెరిచే ఇరుసును, చప్పుడు చేసే గొలుసుతో గాక, మూడు కడ్డీలతో తిప్పించాడు. అవి చూస్తే రైలుయింజను చక్రాలను కలిపే కడ్డీలే జ్ఞాపకం వస్తాయి. ఆనాడు రెండు సంస్థలూ యంత్రమూ చక్రాలూ గల చట్రాన్ని మాత్రమే అమ్మేవి. పైభాగాన్ని కొన్నవారు వేరొకచోట చేయించుకొనేవారు. బరువైన పైభాగంతో కూడ బెంట్లీ గంటకు 100 మైళ్లు అందుకొనేది. ఫాంటమ్‌కు అది సాధ్యం కాలేదు. యంత్రరచన వరకు బెంట్లీదే పైచేయి అనక తప్పదు.

కాని కాలం కలిసిరాలేదు. 1929లో న్యూయార్కు వాటాల బజారు కుప్పకూలింది; ఖరీదైన కార్లు కొనేవారు తగ్గిపోయారు. 8 లీటర్ల కార్లు నూరు మాత్రమే తయారైనవి. 1931లో బెంట్లీ సంస్థ అప్పులలో మునిగి అమ్మకానికి వచ్చింది. నేపియర్ సంస్థ కొంటుందని అందరూ భావించారు. ఎవరూ ఎరుగని ఒక ట్రస్టు అంతకు మించి ఇచ్చి దక్కించుకొన్నది. ఆ ట్రస్టు వెనుక ఉన్నది రోల్స్ రాయిస్! ఫాంటమ్‌తో పోటీపడిన కారు తయారీ అంతటితో ఆగిపోయింది.

విద్యార్థులు గమనింపదగిన ఘట్టం ఇదే. ఒడంబడిక ప్రకారం బెంట్లీ 1935 వరకు గెలిచినవారి కొలువులోనే ఉండవలసివచ్చింది. 1933లో అతని పేరుతోనే వెలువడిన కొత్త కారులో రోల్స్ రాయిస్ వంశపు యంత్రం అమర్చారు. దాని రూపకల్పన అతనికి అప్పగించలేదు. ఆ ఏడే రాయిస్ కన్నుమూశాడు. గడువు తీరగానే బెంట్లీ లగొండా సంస్థకు వెళ్లిపోయాడు. 1931లో కలిసిన ఆ రెండు పేర్లూ 1998 తరువాత రెండు జర్మను సంస్థల పాలై మళ్లీ విడిపోయాయి.

బెంట్లీ తాను స్వయంగా నడుపుకొన్న 8 లీటర్ల కారు కూడ ఆ కష్టకాలంలో అతని చేయి దాటిపోయింది. ఎన్నో దశాబ్దాల తరువాత దానిని అతని పేరుగల సంస్థే తిరిగి సంపాదించి, మరమ్మతు చేయించి, మళ్లీ రోడ్డు మీదికి తెచ్చింది.