ఆవిరి చెప్పు మాట

కృష్ణానది సముద్రమున కలియు దివిసీమలో అన్నమే ప్రధానాహారము. అవనిగడ్డలో గాని, నాగాయలంకలో గాని అన్నము వండు ఇల్లాలికి గడియారముతో పనిలేదు. ఎసరు మరుగుచున్న చప్పుడును ఆమె చెవి గుర్తించును. మూత అంచునుండి వెలువడు ఆవిరిని కన్ను గుర్తించును. ఉడుకుచున్న అన్నపు వాసనను ముక్కు గుర్తించును. చివరకు ఒక మెతుకును తీసి వ్రేళ్ళతో నొక్కి చూచును. అన్నమంతయు పట్టి చూడనక్కరలేదు, ఒక్క మెతుకు చాలునని పెద్దలు చెప్పుదురు.

ఇట్టి పరీక్షను నేడు కొన్ని యంత్రములు తమకు చేతనైనంతవరకు చేయుచున్నవి. మచిలీపట్నము, గుడివాడ పట్టణములలో పలువురి యిండ్లలో మైక్రోవేవ్ ఓవెన్ కానవచ్చుచున్నది. వానిలో కొన్ని రకములపై ‘సెన్సార్ కుక్’ అను మీట యుండును. కూరగాయల ముక్కలను గాజుగిన్నెలో ఉంచి, మూతవేసి, ఆ మీటను నొక్కినచో, ఎన్ని నిమిషములో మనము చెప్పకుండగనే ఓవెన్ కొంతసేపు పనిచేసి తనంతట తాను ఆగిపోవును. తీసి చూచిన ముక్కలు ఉడికియుండును. కన్ను, చెవి, ముక్కు, వ్రేళ్ళు లేని ఆ పెట్టెకు ముక్కలు ఉడికిన సంగతి ఎట్లు తెలిసినది? ఇది కేవలము వినోదమునకు అడుగు ప్రశ్న కాదు. దీనికి సమాధానము తెలిసినవారు యంత్రమును ఎంతవరకు నమ్మవలెనో అంతవరకే నమ్ముదురు. తెలియనివారు పచ్చిగానున్న దానిని పక్వమైనదనియు, చెడిన దానిని మంచిదనియు తలచి భుజించి, ఆరోగ్యమునకు హాని తెచ్చుకొందురు.

మొదట ఈ ఓవెన్‌లో వేడి ఎట్లు పుట్టునో తెలిసికొనవలెను. పొయ్యిమీద వేడి మొదట గిన్నెకు తగిలి, గిన్నెనుండి పదార్థమునకు చేరును. ఇందు అట్లు కాదు. మాగ్నెట్రాన్ అను గొట్టము కంటికి కనబడని సూక్ష్మతరంగములను పుట్టించును. అవి సెకనుకు 245 కోట్ల సార్లు కంపించును. వాని తరంగదైర్ఘ్యము దాదాపు 12 సెంటీమీటర్లు. నీటి అణువునకు ఒక కొనయందు ధనావేశము, మరియొక కొనయందు ఋణావేశము ఉండును. తరంగము దిశ మార్చినప్పుడెల్ల నీటి అణువులు దానితోపాటు తిరుగ ప్రయత్నించి, ఒకదానినొకటి ఒరసికొనును. ఆ కదలికయే వేడిగా మారును. కావుననే తేమగల పదార్థము త్వరగా వేడెక్కును. తరంగములు పదార్థములోనికి కొన్ని సెంటీమీటర్ల మేరకే చొచ్చుకొనిపోవును. లోపలి భాగమునకు వేడి మెల్లగా పాకవలసినదే.

ఈ మాగ్నెట్రాన్ వంటకొరకు పుట్టినది కాదు, యుద్ధము కొరకు మెరుగుదిద్దబడినది. 1940లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున రాండల్, బూట్ అను శాస్త్రజ్ఞులు శక్తిమంతమైన మాగ్నెట్రాన్‌ను తయారుచేసిరి. శత్రువిమానములను దూరమునుండి కనిపెట్టు రాడార్లకు అది ప్రాణమయ్యెను. 1945లో అమెరికాలో రేథియాన్ అను సంస్థయందు పనిచేయుచున్న పెర్సీ స్పెన్సర్, అట్టి గొట్టము చెంత నిలిచియుండగా తన జేబులోని చాక్లెట్ కరగుటను గమనించెనని చెప్పుదురు. ఆ తరువాత అతడు మొక్కజొన్న గింజలను దాని ముందుంచగా అవి పేలాలైనవి. 1947లో ఆ సంస్థవారు అమ్మకమునకు తెచ్చిన మొదటి ఓవెన్ దాదాపు 6 అడుగుల ఎత్తు, 340 కిలోల బరువు గల పెద్ద బీరువావంటిది. ఇంటిలో బల్లమీద అమరునట్టి ఓవెన్ 1967లో అమెరికాలో వెలువడినది.

రాడార్ అను మాట కృష్ణాతీర వాసులకు క్రొత్తది కాదు. 1977 నవంబరు 19న వచ్చిన తుపాను, దానితో ఎగసిన ఉప్పెన దివిసీమను ముంచివేసినవి. దాదాపు 10,000 మంది ప్రాణములు కోల్పోయిరి. ఆ తరువాత మచిలీపట్నమున భారత వాతావరణశాఖవారు తుపానులను కనిపెట్టు రాడార్‌ను నెలకొల్పిరి. అట్టి రాడార్ పంపు తరంగముల దైర్ఘ్యము దాదాపు 10 సెంటీమీటర్లు. అనగా అవి ఓవెన్‌లోని తరంగములకు దగ్గరి చుట్టములు. సముద్రముమీది మేఘములలోని నీటిబొట్లకు తగిలి తిరిగివచ్చు తరంగములను బట్టి రాడార్ తుపానును గుర్తించును. ఓవెన్‌లో తరంగములు పదార్థములోని నీటిచే గ్రహింపబడి వేడిగా మారును. రెండు చోట్లను నీరే ముఖ్యము. సెన్సారు రహస్యము కూడ నీటియందే ఉన్నది.

ఓవెన్‌లో ఒక చిన్న పంకా గాలిని గదిలోనికి పంపి, వేరొక ద్వారముగుండ బయటకు నెట్టును. గాలి పోవు ఆ దారిలో తేమను పసిగట్టు చిన్న పరికరము అమర్చబడియుండును. అదియే సెన్సారు. దానికి తగులు గాలిలో నీటియావిరి పెరిగినచో, అందుండి వెలువడు విద్యుత్ సంకేతము మారును. ఓవెన్ పని ప్రారంభించినప్పుడు గాలిలో సహజముగా ఎంత తేమయున్నదో సెన్సారు మొదట గుర్తుంచుకొనును. బందరు వంటి సముద్రతీర పట్టణములలో గాలి ఎప్పుడును తేమగానే యుండును. అయినను లెక్క తప్పకపోవుటకు కారణమిదియే. అది కొలుచునది ఉన్న తేమను కాదు, పెరిగిన తేమను.

పదార్థము వేడెక్కుచున్నంతసేపు మూతగల గిన్నెనుండి ఆవిరి అంతగా వెలువడదు. అందలి నీరు మరుగుస్థితికి చేరగానే మూతసందులనుండి ఆవిరి ఒక్కసారిగా వెలుపలికి దూకును. సెన్సారు ఆ క్షణమును పట్టుకొనును. అప్పటివరకు గడచిన కాలమును యంత్రములోని గణకభాగము చూచి, ఇంకను ఎంతసేపు ఉడికింపవలెనో నిర్ణయించును. ఒక ఉదాహరణము గైకొందము. బంగాళాదుంపలనుండి ఆవిరి వచ్చుటకు 4 నిమిషములు పట్టినదనుకొందము. ఆ దుంపలకు అందులో సగము కాలము అదనముగా కావలెనని యంత్రమున ముందే లిఖింపబడినచో, అది మరి 2 నిమిషములు వండి ఆగును. దుంపలు రెట్టింపైనచో ఆవిరి వచ్చుటకు 8 నిమిషములు పట్టవచ్చును. అప్పుడు అదనపు కాలము 4 నిమిషములగును. ఇట్లు తూచకుండగనే పరిమాణము తెలియుచున్నది.

కాని వస్తువేదో యంత్రమునకు తెలియదు. బీన్సుకు, దుంపకు, చేపముక్కకు ఆవిరి ఒక్కటే. ఆవిరి వచ్చిన పిదప ఒకటి త్వరగా మెత్తబడును, మరియొకటి ఆలస్యముగా మెత్తబడును. అందుచేతనే ఓవెన్‌పై కూరలకు వేరుగా, దుంపలకు వేరుగా, అన్నమునకు వేరుగా మీటలుండును. పరిమాణమును యంత్రము కనిపెట్టును. జాతిని మనిషి చెప్పవలెను. దుంపలు పెట్టి కూరల మీటను నొక్కినచో తప్పు యంత్రముది కాదు.

ఇంకొక భేదమును గమనింపవలెను. ‘ఆటో కుక్’ అని వ్రాసినంతమాత్రమున ప్రతి ఓవెన్‌లోను సెన్సారు ఉండదు. అనేక ఓవెన్‌లలో ఆ మీటలు, మనము చెప్పిన బరువునుబట్టి ముందే నిర్ణయించిన నిమిషములను మాత్రమే పాటించును. కొన్నింటిలో ఆవిరిని గాక, పదార్థమునుండి వెలువడు ఉష్ణకిరణములను కొలుచు సెన్సారులుండును. ఇంటిలోనున్నది ఏ రకమో దానితో వచ్చిన చిన్న పుస్తకమును చదివి తెలిసికొనుట మొదటి కర్తవ్యము.

ఆవిరియే గుర్తు అని గ్రహించినవారికి, ఆ పుస్తకములోని నియమములు వల్లెవేయవలసిన పని యుండదు. అవి తమంతట తామే తోచును. గిన్నెకు మూతవేయవలెను, వేయనిచో ఆవిరి మొదటినుండి కొంచెము కొంచెముగా కారిపోయి, మరిగిన క్షణము స్పష్టముగా తెలియదు. మూతను బిగింపరాదు, బిగించినచో ఆవిరి సెన్సారును చేరజాలదు, గిన్నె పగులుటకు కూడ అవకాశము కలదు. గిన్నె వెలుపలి తడిని, ఓవెన్ లోపలి తడిని తుడువవలెను; లేనిచో ఆ తడియే ముందుగా ఆవిరియై యంత్రమును మోసగించును. గుర్తు వినబడకముందు తలుపు తెరువరాదు. తెరచినచో కూడిన ఆవిరి చెదరిపోవును. మరీ కొంచెము పదార్థమును పెట్టరాదు. చాలినంత ఆవిరి రానిచో సెన్సారు దానిని గుర్తింపలేదు.

మన వంటిండ్లలో స్టీలు గిన్నెలు, ఇత్తడి గిన్నెలు ఎక్కువ. లోహము సూక్ష్మతరంగములను వెనుకకు మరలించును. నిప్పురవ్వలు కూడ లేవవచ్చును. కావున ఓవెన్‌కు తగినదని గుర్తుగల గాజుగిన్నెనో, పింగాణీగిన్నెనో వాడవలెను. కోడిగుడ్డును పెంకుతో పెట్టరాదు. దుంపలకు ముందుగా గాట్లు పెట్టవలెను. లోపల పుట్టిన ఆవిరికి దారి లేనిచో అవి పేలును. మూతను తీయునప్పుడు ముఖమునకు దూరమైన వైపునుండి ఎత్తవలెను. ఆవిరి చేయు గాయము తేలికైనది కాదు.

ఓవెన్ ఆగిన వెంటనే వడ్డింపక కొన్ని నిమిషములు ఉంచుడని పుస్తకములో ఉండును. మన వంటవారికి ఇది తెలియని సంగతి కాదు. గంజి వార్చిన అన్నమును మూతవేసి ఉమ్మగిలనిచ్చుట తరతరముల వాడుక. అంచులలోని వేడి నడిమికి పాకి, అన్ని భాగములు సమముగా ఉడుకుటకు ఆ విరామము అవసరము. ఓవెన్‌లో వేడి వెలుపలి భాగములలో ముందుగా పుట్టును గనుక ఉమ్మగిల్లుట ఇచ్చట మరింత ముఖ్యము.

సెన్సారునకు తెలియని సంగతులు మరికొన్ని కలవు. పాత బియ్యము ఎక్కువ నీరు కోరును, క్రొత్త బియ్యము తక్కువ నీటితోనే మెత్తబడును. ఈ భేదము గుడివాడ ప్రాంతపు రైతుబిడ్డకు తెలియును గాని ఓవెన్‌కు తెలియదు. బందరు లడ్డు చేయువారు పాకమును వ్రేళ్ళ నడుమ సాగదీసి తీగ వచ్చినదో లేదో చూతురు. ఆవిరి ఆ రహస్యమును చెప్పజాలదు. ఇవి రుచికి సంబంధించినవి. ఆరోగ్యమునకు సంబంధించినవి వేరే కలవు. చేప, మాంసము, గుడ్డు మొదలైనవి లోపలివరకు కనీసము 70 డిగ్రీల సెల్సియస్ వేడి తగులునట్లు ఉడుకవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. అంచున ఆవిరి లేచినంతమాత్రమున చేపముక్క నడిభాగము ఉడికినట్లు కాదు. దానిని విరిచి చూడవలెను.

మిగిలిన అన్నము విషయమున మరింత జాగ్రత్త అవసరము. బియ్యములోని ఒకానొక సూక్ష్మజీవి బీజములు ఉడికించినను చావవు. అన్నమును వేసవి ఉక్కలో గంటల తరబడి బయట ఉంచినచో అవి మొలకెత్తి, వృద్ధిపొంది, వాంతులు కలిగించు విషమును పుట్టింపగలవు. మరల వేడిచేసినను ఆ విషము నశింపదు. ఓవెన్ మాత్రము ఆవిరి రాగానే ‘సిద్ధము’ అని మ్రోగును. అన్నము వేడెక్కినదని మాత్రమే దాని అర్థము, తినదగినదని కాదు. మిగిలిన అన్నమును త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో ఉంచుట, అనుమానము కలిగినదానిని పారవేయుట మనుష్యులు చేయవలసిన పనులు.

మచిలీపట్నపు రాడార్ తుపాను వచ్చుచున్నదని తెలుపగలదు. ఆ వార్త విని పిల్లలను, పశువులను వెంటబెట్టుకొని సురక్షిత స్థలమునకు చేరవలసినది ప్రజలే. వంటింటిలోని సెన్సారును ఆవిరి వచ్చినదని తెలుపగలదు. అటుపిమ్మట మూతతీసి, కలిపి, విరిచి, వాసన చూచి, తగునో తగదో నిర్ణయింపవలసినది వండినవారే. యంత్రము ఏమి చెప్పుచున్నదో, ఏమి చెప్పుటలేదో రెండును ఎరిగి వాడువానికే అది మేలైన సేవకుడగును.