కంచె కోర్టుది, కాపలా మనది

"కేంద్రం, రాష్ట్రం వాటాల తగాదా మా కూలోళ్ళకెందుకండీ?" అని ఊళ్ళలో మమ్మల్ని అడుగుతుంటారు. ఎందుకో చెబుతాం.

రాజ్యాంగంలో భూమి, కౌలు, వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. భూమి పంచాలన్నా, కౌలుదారుకు హక్కు ఇవ్వాలన్నా చట్టం చేయాల్సింది శాసనసభే. 1959 జూన్‌లో కేరళ సభ అలాంటి బిల్లే ఆమోదించింది. జులై 31న ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ ప్రభుత్వాన్ని కేంద్రం బర్తరఫ్ చేసింది. ఢిల్లీ కలంపోటు చివరికి ఎవరి కడుపు మీద పడుతుందో ఇక వేరే చెప్పాలా?

మరి రాష్ట్రాల హక్కును కాపాడేదెవరు? కోర్టులే కాపాడాలని కొందరు మేధావులంటారు. అది రాజకీయంగా తేల్చుకోవాల్సిన విషయమని మరికొందరంటారు. జరిగినవే చూద్దాం.

1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని తీసేసి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించారు. జనం వీధుల్లోకొచ్చారు. వామపక్షాలతో సహా ప్రతిపక్షాలన్నీ ఒక్కటై నిలిచాయి. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, రామారావు మళ్ళీ ప్రమాణం చేశారు. ఆ పని చేసింది ఏ కోర్టు తీర్పూ కాదు.

1989 ఏప్రిల్‌లో కర్ణాటకలో ఎస్.ఆర్. బొమ్మై ప్రభుత్వాన్ని కేంద్రం తొలగించింది. ఆయన కోర్టుకెక్కారు. తీర్పు 1994 మార్చి 11న వచ్చింది. బలం తేలాల్సింది సభలోనే, రాష్ట్రపతి పాలనను కోర్టు పరిశీలించవచ్చు అని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. మంచి తీర్పే. ఆ తర్వాత బర్తరఫ్‌లు బాగా తగ్గాయి. కానీ బొమ్మైకి పోయిన కుర్చీ పోయినట్టే. ఆ సభ కూడా అప్పటికి లేదు.

2020లో ఆహార వస్తువుల వ్యాపారం ఉమ్మడి జాబితాలో ఉందన్న సాకుతో కేంద్రం మూడు సాగు చట్టాలు తెచ్చింది. 2021 జనవరి 12న సుప్రీంకోర్టు వాటి అమలు ఆపింది, ఓ కమిటీ వేసింది. వ్యవసాయం ఎవరి అధికారమన్న అసలు ప్రశ్న మాత్రం తేలలేదు. చలిలో, ఎండలో ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదిపాటు కూర్చున్న రైతులే 2021 నవంబరులో ఆ చట్టాలను రద్దు చేయించారు.

అందుకని కోర్టు వద్దని మేము అనటం లేదు. బొమ్మై తీర్పు చేనుకు కంచె లాంటిది. కంచె ఉండాల్సిందే. కానీ కంచె ఉంది గదా అని రాత్రిపూట మంచె దిగి ఇంటికెళ్ళి పడుకునే రైతెవడూ ఉండడు. పందులొచ్చినప్పుడు కేకేయాల్సింది మనిషే. వాయిదాల మీద వాయిదాలు పడేలోగా పైరు మిగలదు.

ఇంకో మాట. రాష్ట్రానికి అధికారం మిగిల్తే చాలదు. ఆ అధికారంతో కౌలుదారుకు కాగితం, కూలీకి సెంటు భూమి దక్కాలి. ఢిల్లీని అడిగే గొంతుతోనే మన రాజధానినీ అడుగుదాం. కాపలా అంటే అదే.