జీపీఎస్ మోడెమ్‌తో సొంత బైక్ ట్రాకర్: ఈ సెట్టింగ్స్ సరిచూసుకోండి

రెడీమేడ్ బైక్ ట్రాకర్ పెట్టుకుంటే మన బండి రోజంతా ఎక్కడ తిరిగిందో కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. ఆ డేటా మన చేతిలోనే ఉండాలంటే జీపీఎస్ ఉన్న 4జీ మోడెమ్, రాస్ప్‌బెర్రీ పై, ఒక సిమ్ చాలు. ఇక్కడ ఉదాహరణకి క్వెక్‌టెల్ ఈసీ25 తీసుకుందాం.

ముందు ఒక విషయం. జీపీఎస్ దేన్నీ పంపదు. శాటిలైట్ సిగ్నల్ విని తానెక్కడుందో లెక్కగట్టడమే దాని పని. ఆ లెక్కని సర్వర్‌కి చేర్చేది మొబైల్ డేటా. అందుకే రెండింటినీ విడివిడిగా టెస్ట్ చేయాలి.

1. ఫిక్స్ తెచ్చుకోండి

జీపీఎస్ యాంటెన్నా 4జీ యాంటెన్నా కాదు, దాని కనెక్టర్ వేరు. ఆకాశం కనిపించే చోట పెట్టి, ఏటీ పోర్టులో "ఏటీ+క్యూజీపీఎస్=1" కొట్టండి. తర్వాత "ఏటీ+క్యూజీపీఎస్ఎల్ఓసీ=2" అడగండి. 516 ఎర్రర్ వస్తే కంగారొద్దు, ఇంకా ఫిక్స్ దొరకలేదని అర్థం. మొదటిసారి కాస్త టైమ్ పడుతుంది. గదిలో కూర్చుని ప్రయత్నిస్తే మాత్రం ఎంతసేపైనా రాకపోవచ్చు.

2. అంకెలు సరిగ్గా చదవండి

పైన =2 ఇచ్చాం కాబట్టి నేరుగా డిగ్రీల్లో వస్తుంది. ఎన్ఎంఈఏ పోర్టు నుంచి తీసుకుంటే మాత్రం డిగ్రీలు, నిమిషాలు కలిసి ఉంటాయి. చార్మినార్ అక్షాంశం అక్కడ 1721.696 అని కనిపిస్తుంది. అంటే 17 డిగ్రీల 21.696 నిమిషాలు. నిమిషాల్ని 60తో భాగించి కలిపితే 17.3616. అలా చేయకుండా 17.21696 అని మ్యాప్‌లో పెడితే, ఒక్క అక్షాంశంలోనే పాయింట్ దాదాపు 16 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది! బండి పోయిన రోజు ఈ తేడా ఎంత పనిచేస్తుందో ఆలోచించండి. టైమ్ కూడా యూటీసీలో వస్తుంది, మన టైమ్ కోసం 5.30 గంటలు కలపాలి.

3. సర్వర్‌కి పంపండి

చాలా మొబైల్ నెట్‌వర్క్‌లు సిమ్‌కి పబ్లిక్ ఐపీ ఇవ్వవు. కాబట్టి బయట నుంచి మోడెమ్‌కి కనెక్ట్ అవ్వాలని చూడకండి, మోడెమ్ వైపు నుంచే డేటా వెళ్లాలి. దీనికి ఎంక్యూటీటీ చక్కగా సరిపోతుంది. 10 సెకన్లకోసారి పంపితే రోజుకి 8,640 మెసేజ్‌లు. బండి ఆగి ఉన్నప్పుడు గ్యాప్ పెంచితే డేటా, బ్యాటరీ రెండూ మిగులుతాయి. సిగ్నల్ లేని చోట పాయింట్లని ఫైల్‌లో దాచి, నెట్ రాగానే పంపేలా స్క్రిప్ట్ రాసుకోండి.

4. తాళం వేయండి

ఎంక్యూటీటీ మామూలు పోర్టు 1883లో డేటా ఎన్‌క్రిప్ట్ కాకుండా వెళ్తుంది. టీఎల్ఎస్ పెట్టి 8883 వాడండి, పాస్‌వర్డ్ తప్పనిసరి. పబ్లిక్ టెస్ట్ బ్రోకర్‌కి అస్సలు పంపొద్దు. మీరు ఇంట్లో ఎప్పుడు లేరో ఎవరైనా చూసేయొచ్చు. ఇంకొకరి బండికి పెడుతుంటే వాళ్లకి చెప్పి, ఒప్పుకున్నాకే పెట్టండి.

చివరగా "ఆటోజీపీఎస్" సెట్టింగ్‌ని 1 చేయండి. పవర్ పోయి వచ్చినా జీపీఎస్ తనంతట తానే ఆన్ అవుతుంది. ఆ తర్వాత ఒకసారి పవర్ తీసి పెట్టి, వీధి చివరిదాకా వెళ్లి రండి. మ్యాప్‌లో గీత మీ వీధి మీదే పడిందా? అయితే ట్రాకర్ రెడీ.