సంఘం దొరకని ఊళ్లో సాధన

అమరావతి, నాగార్జునకొండ, తొట్లకొండ, నేలకొండపల్లి అంటూ మన నేలమీద బౌద్ధ క్షేత్రాల పేర్లు ఎన్నైనా చెప్పుకోవచ్చు. కానీ వారానికోసారి నలుగురితో కలిసి ధ్యానానికి కూర్చుందామంటే మన ఊళ్లలో చాలాచోట్ల ఆ నలుగురూ దొరకరు. నగరంలో బౌద్ధ విహారం ఉన్నా మంచం పట్టిన తల్లిని వదిలి కదలలేనివారు, రాత్రి డ్యూటీలవారు, చంటిబిడ్డల తల్లులు అక్కడికి వెళ్లలేరు.

పుస్తకాలు చదువుకుని ఒక్కరే సాధన చేసుకుంటే చాలదా? సన్మిత్రులు ఉండటం ధర్మజీవనంలో సగమని శిష్యుడు ఆనందుడు అంటే, సగం కాదు, మొత్తం అదేనని బుద్ధుడు సరిదిద్దిన ఉదంతం సంయుత్త నికాయమనే బౌద్ధ గ్రంథంలో ఉంది. తోడు లేని సాధన కొన్నాళ్లకు సడలిపోతుంది. మనకు కలిగే అనుభవాలను సరిచూసి చెప్పేవారూ ఉండరు.

జపాన్‌లోని త్సుకుబా కేంద్రంగా జెన్ బోధకుడు జుండో కోహెన్ నడిపే ట్రీలీఫ్ జెండో అనే ఆన్‌లైన్ బృందం సరిగ్గా ఇలా తోడు దొరకనివారి కోసమే పుట్టింది. అనారోగ్యం, దూరం, ఇంటి బాధ్యతల వల్ల జెన్ కేంద్రానికి వెళ్లలేనివారు అక్కడ తెరమీద కలిసి జజెన్‌లో, అంటే జెన్ ధ్యానంలో, కూర్చుంటారు. శీలాలు స్వీకరించే ముందు రకుసు అనే చిన్న వస్త్రాన్ని ఎవరింట్లో వాళ్లు తమ చేతులతో కుట్టుకుంటారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ కుట్టుపనే. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లను ఒకే పని, ఒకే నియమం కలుపుతున్నాయి. వీడియోలు చూసి ఊరుకుంటే ఆ బంధం ఏర్పడదు.

అన్నీ తెరమీద సాగవు. థేరవాద వినయం (భిక్షు నియమావళి) ప్రకారం ఉపసంపదకు, అంటే పూర్తి భిక్షుదీక్షకు, నిర్ణీత సీమలో 10 మంది భిక్షువులు, వారు అరుదైన చోట కనీసం ఐదుగురు, దగ్గర దగ్గరగా కూర్చుని ఉండాలి. విపస్సన గురువు గోయెంకా సంప్రదాయంలో 10 రోజుల విపస్సన శిబిరానికీ స్వయంగా వెళ్లాల్సిందే. అక్కడ ఫోను అప్పగించి మౌనంగా ఉండాలి. ఆ శిబిరం పూర్తిచేసినవారికి మాత్రం ఆన్‌లైన్ సామూహిక ధ్యానాలు ఉన్నాయి. హైదరాబాదులో 1976లో మొదలైన ధమ్మఖేత్త విపస్సన కేంద్రంలో శిబిరానికి రుసుము లేదు. ఒక్కసారి వెళ్లొచ్చినా ఇంట్లో సాధనకు ఆధారం దొరుకుతుంది. పంచశీలాలకైతే ఇంత ఏర్పాటు అక్కర్లేదు. గృహస్థులు ఇంట్లోనే వాటిని స్వయంగా స్వీకరించవచ్చు.

ఆన్‌లైన్ బృందాన్ని ఎంచుకునేటప్పుడు పెద్దదానికన్నా చిన్నదే మేలని నా అభిప్రాయం. మీరు రాకపోతే ‘ఏమైంది?’ అని అడిగేవారు ఉండాలి. మీకు కుదిరే వేళకు కూర్చునే బృందమే వెతుక్కోండి. అర్ధరాత్రి లేచి కూర్చోవడం ఎన్నాళ్లో సాగదు. బోధకులు ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఎవరికి జవాబుదారీయో నేరుగా అడగండి. ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకునేవారి దగ్గర, బోధ వినకముందే వేలల్లో ఫీజు కట్టమనే చోట చేరకండి.