చెమ్మ తీసే యంత్రం: నెలకు ఖర్చెంత?

ముసురు పట్టిందంటే మండపేటలో ఏ ఇంట చూసినా ఒకటే అవస్థ. దండెం మీది బట్టలు రెండు మూడు రోజులకు గాని ఆరవు. బీరువా తెరిస్తే ముక్క వాసన. మంచం వెనుక గోడకు నల్లటి బూజు. చుట్టూ కాలువలు, వరిచేలు ఉన్న ఊరికి ఇది కొత్త కాదు. కాని ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లవాడో, పెద్దవారో ఉంటే రాత్రిళ్లు పిల్లికూతలు ఎక్కువయ్యేది కూడా ఈ రోజుల్లోనే. అప్పుడే చెమ్మ తీసే యంత్రం, అంటే డీహ్యూమిడిఫయర్ మీద మనసు పోతుంది. కరెంటు బిల్లు తలచుకొని వెనుకాడటమూ సహజమే.

చెమ్మకూ ఆయాసానికీ సంబంధం లేకపోలేదు. తేమగా ఉన్న గోడల మీద బూజు పెరిగి, దాని కణాలు గాలిలో కలుస్తాయి. పరుపుల్లో, దిండ్లలో కంటికి కనబడని దుమ్ము పురుగులుంటాయి. ఇవి గాలిలోని తేమను పీల్చుకొని బ్రతుకుతాయి. ఈ రెండూ పడని వారికి తుమ్ములు, దగ్గు, ఆయాసం వస్తాయి. గది గాలిలో తేమ 60 శాతానికి తగ్గితే బూజు నెమ్మదిస్తుంది. 50 శాతానికి దిగితే దుమ్ము పురుగులు బ్రతకడం కష్టం. వానాకాలంలో కోస్తాలో ఇది 80 శాతం దాటడం మామూలే.

ఇక ఖర్చు చూద్దాం. 1000 వాట్ల పరికరం గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్ అవుతుంది. మీ యంత్రం 300 వాట్లది అనుకోండి. రోజుకు ఎనిమిది గంటలు తిప్పితే 2.4 యూనిట్లు, నెలకు 72 యూనిట్లు. అయితే ఈ 72 యూనిట్ల ధర అందరికీ ఒకటి కాదు. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి అమలైన ధరల ప్రకారం 126 నుంచి 225 వరకు యూనిట్‌కు 6 రూపాయలు, ఆపైన 400 వరకు 8 రూపాయల 75 పైసలు. ఇదివరకే నెలకు 150 యూనిట్లు వాడే ఇంటికి యంత్రం వలన అదనంగా పడేది 432 రూపాయలు. 220 యూనిట్లు వాడే ఇంటికి అదే యంత్రం 616 రూపాయలు అడుగుతుంది. రాత్రింబవళ్లు తిప్పితే నెలకు 216 యూనిట్లు. అప్పుడు మొదటి ఇంటికే దాదాపు 1,684 రూపాయలు. సర్దుబాటు ఛార్జీలు వీటికి అదనం. కనుక కొనేముందు మీ పాత బిల్లు తీసి, మీరు ఏ శ్లాబులో ఉన్నారో చూసుకోండి.

ఇంకొక సంగతి గమనించాలి. పది అడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న గదిలో, వానాకాలపు గాలిలోని నీరంతా పిండినా లీటరుకు తక్కువే. మరి యంత్రం డబ్బా రోజూ నిండుతుందేం? తలుపు సందుల నుంచి, చెమ్మగిల్లిన గోడ నుంచి, గదిలో ఆరేసిన బట్టల నుంచి తేమ మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. కిటికీ తెరిచి యంత్రం తిప్పడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే. ఒక యూనిట్ కరెంటుతో యంత్రం తీసేది లీటరున్నర, రెండు లీటర్ల నీరు. ఒక బకెట్ తడిబట్టలు గదిలో ఆరేస్తే ఆ మేరకు బిల్లు మీరే పెంచుకుంటున్నట్లు.

అందుచేత ముందుగా ఖర్చులేని పనులు చేయండి. బట్టలు వసారాలో ఆరేయండి. వంట చేసేటప్పుడు, స్నానం చేసిన తరువాత ఆవిరి బయటికి పోయే దారి చూడండి. బీరువాను గోడకు జానెడు దూరం జరపండి. కారే పైపును, ఉరిసే డాబాను బాగు చేయించండి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతకండి. ఎండ కాసిన రోజున పరుపులు ఎండబెట్టండి. బూజును సబ్బునీళ్లతో కడగండి, కాని ఆ పని ఉబ్బసం ఉన్నవారికి అప్పగించకండి.

ఇవన్నీ చేశాక కూడా చెమ్మ వదలకపోతే అప్పుడు యంత్రం గురించి ఆలోచించవచ్చు. ధాన్యానికి తేమ కొలిచే సాధనం ఉన్నట్లే గది గాలికీ హైగ్రోమీటరు ఉంది, ముందు అది కొనండి. యంత్రాన్ని రోగి పడుకొనే ఒక్క గదిలోనే, తలుపులు మూసి, 55, 60 శాతం మధ్య ఉంచితే చాలు. అది గదిని కొంత వేడెక్కిస్తుంది గనుక పడుకొనే ముందు కొన్ని గంటలు నడపడం మేలు. డబ్బాలోని నీరు రోజూ పారబోయండి, తాగడానికి అది పనికిరాదు. గదిలో ఎ.సి. ఉండి, దాన్ని ఎలాగూ వాడుతుంటే అదీ తేమను తీస్తుంది. రెండూ కలిపి తిప్పనక్కరలేదు.

చివరగా ఒక ముఖ్య విషయం. ఈ యంత్రం ఒక్కటే ఉబ్బసాన్ని తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. డాక్టరు రాసిన ఇన్‌హేలరు డబ్బు మిగిల్చి కరెంటు బిల్లు కట్టకండి. మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలిరంగుకు తిరిగినా, వాడే మందుకు లొంగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.